చలికాలపు పసుపు డైసీ మన డెల్టాలో ఎందుకు నిలవదు

డిసెంబరు వచ్చేసరికి కడియం, కడియపులంక, వేమగిరి రోడ్లో నర్సరీల ముందు వరసలన్నీ పసుపు రంగుకు తిరుగుతాయి. చామంతి కుండీలు, బంతి కవర్లు, వాటి వెనకాల గులాబీలు. ఆదివారం పూట కార్లు ఆగుతాయి. దిగినవాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. నడుము ఎత్తు పొద, దవనంలా సన్నగా చీలిన ఆకు, ఆకు మీద బూడిద చల్లినట్టు ఒక రంగు, పొద నిండా లెక్కపెట్టలేనన్ని పసుపు డైసీలు. కింద ఇంగ్లీషులో "చలికాలంలో పూసే పొద" అని రాసి ఉంటుంది. "ఇది ఉందా అండీ?" అని అడిగితే నర్సరీ ఆయన ఫోన్ వైపు ఒకసారి చూసి, "అది మనవైపు నిలవదండీ, చామంతి పట్టుకెళ్లండి" అంటాడు.

సరుకు అమ్ముకోవడానికి అన్న మాటలా వినిపిస్తుంది గానీ ఆయన చెప్పింది నిజమే. కాకపోతే "నిలవదు" అన్న ఒక్క ముక్కతో వదిలేస్తే అసలు కిటుకు తెలియదు. ఆ పొదా చలికాలంలోనే పూస్తుంది, చామంతీ చలికాలంలోనే పూస్తుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. మరి ఒకటి గోదావరి గాలికి పెరిగి ఇంకోటి వాడిపోవడం దేనికి? చలికాలం అని మనం అలవాటుగా అనే మాటలో అసలు ఏముందో విప్పి చూస్తే గానీ దీనికి జవాబు దొరకదు.

ముందు ఆ ఫొటోలోని మొక్క సంగతి. దాని శాస్త్రీయ నామం యూరియాప్స్ పెక్టినేటస్. యూరియాప్స్ అంటే గ్రీకులో వెడల్పాటి కన్ను అని అర్థం. ఆకుల పైకి జానెడు కాడ మీద లేచి నిలబడే పువ్వును చూస్తే ఆ పేరు సరిపోయిందనే అనిపిస్తుంది. పెక్టినేటస్ అంటే దువ్వెన పళ్లలాంటిది, అది ఆకుకు వచ్చిన పేరు. ఈ ప్రజాతిలో దాదాపు వంద జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికా దక్షిణ కొసవే. మన ఫొటోలో ఉన్నది దక్షిణాఫ్రికా పడమటి కేప్ ప్రాంతంలో రాతి నేలల మీద, కొండవాలుల్లో పుట్టి పెరిగేది. దానికి ఇంకో చుట్టం ఉంది, యూరియాప్స్ క్రిసాంథిమాయిడిస్. దాని ఆకు బూడిద రంగులో కాక మామూలు ఆకుపచ్చగా ఉంటుంది. పేరులోనే చామంతి పోలిక పెట్టుకుంది. ఆన్‌లైన్‌లో ఈ రెండింటినీ కలిపి ఎల్లో డైసీ, బుష్ డైసీ అని ఒకే పేరుతో అమ్మేస్తారు. కొనేవాళ్లు ఆకు రంగు చూసి పోల్చుకోవాల్సిందే.

ఆ పడమటి కేప్‌లో చలికాలం అంటే జూన్, జూలై, ఆగస్టు. భూమధ్యరేఖకు అవతలి వైపు కాబట్టి మనం నైరుతి వానల కోసం ఆకాశం చూసే రోజుల్లో వాళ్లు స్వెటర్లు తీస్తారు. అక్కడి ప్రత్యేకత ఏమిటంటే ఏడాదిలో పడే వానలో ఎక్కువ భాగం ఆ చలి నెలల్లోనే పడుతుంది. వేసవి పొడిగా గడిచిపోతుంది. అంటే ఆ మొక్కకు చలి, తడి, పొడవాటి రాత్రి మూడూ ఒకేసారి వస్తాయి. మూడూ కలిసి వచ్చే చోట వాటికి విడివిడిగా పేర్లు పెట్టుకోవాల్సిన అవసరం లేదు. "చలికాలంలో పూస్తుంది" అంటే చాలు, అక్కడి తోటమాలికి అంతా అర్థమైపోతుంది.

అదే ముక్క గోదావరి డెల్టాకు వచ్చేసరికి మూడు ముక్కలుగా విడిపోతుంది. మన వాన జూన్‌లో మొదలై అక్టోబరు, నవంబరు దాకా, తుపాన్లు వస్తే ఇంకాస్త దాకా సాగుతుంది. అసలు చలి నెలలైన డిసెంబరు, జనవరిలో పడే వాన నామమాత్రం. ఇక చలి సంగతి చూద్దాం. కేప్ టౌన్‌లో ఏడాది మొత్తం మీద వేడిగా ఉండే కాలంలో, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పగటి ఉష్ణోగ్రత సగటున 26, 27 డిగ్రీలు, రాత్రి 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన కాకినాడ, రాజమండ్రి వైపు ఏడాదిలో అత్యంత చల్లని జనవరిలో పగలు 28, 29, రాత్రి 19 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే మనం మఫ్లరు చుట్టుకుని భోగి మంట దగ్గర చేతులు కాచుకునే చలి, ఆ మొక్క పుట్టింటి నడి వేసవి కంటే వెచ్చన. మనం దానికి పెట్టగలిగిన అతి చల్లని రోజు కూడా దాని లెక్కలో ఎండాకాలమే. ఇక మే నెల గురించి చెప్పేదేముంది. 40 దాటడం మామూలు, వడగాడ్పు రోజుల్లో 45 దగ్గరికి పోతుంది.

నిజానికి ఎండ ఒక్కటే అయితే ఎలాగోలా నెట్టుకొచ్చేదేమో, పొడి వేసవి దానికి కొత్త కాదు. చంపేది ఎక్కువగా జూలై, ఆగస్టు నెలలు. పుట్టినచోట వేడి ఉన్నప్పుడు తడి ఉండదు, తడి ఉన్నప్పుడు వేడి ఉండదు. మన దగ్గర వేడీ తడీ చేతులు పట్టుకుని వస్తాయి. రాత్రి కూడా 25 డిగ్రీల కిందికి దిగని ఉక్కలో, వారం రోజులు తెరిపివ్వని ముసురులో, మట్టి ఆరకుండా ఉంటే వేరు కుళ్లు పట్టుకుంటుంది. ముందు కింది ఆకులు పసుపు తిరుగుతాయి. వానకదా, ఎరువు కొట్టుకుపోయిందేమో అనుకుని యజమాని గుప్పెడు యూరియా వేస్తాడు. నాలుగు రోజులకు మొదలు దగ్గర బెరడు నల్లబడి, గోరుతో గీరితే లోపల గోధుమ రంగు కనిపిస్తుంది. ఆ తర్వాత చేసేదేమీ లేదు. నీళ్లు తక్కువై వాడిపోయినట్టే కనిపిస్తుంది కాబట్టి మళ్లీ నీళ్లు పోస్తారు, అదే దానికి ఆఖరి దెబ్బ.

నేల కూడా కలిసిరాదు. ధవళేశ్వరం దిగువన ఆనకట్ట పుణ్యమా అని కాలువలు పారే డెల్టా చాలా మేరకు బరువైన ఒండ్రు నేల. నీటిని పట్టి ఉంచుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలను వరికి ఇంత అనువుగా చేసిన గుణమే రాతివాలుల మొక్కకు శాపం. లంక భూముల్లో ఇసుక పాలు ఎక్కువ, నీరు త్వరగా దిగిపోతుంది, అక్కడ కొంత నయం అనుకోవచ్చు గానీ లంకలో నడుము ఎత్తు పొద పెట్టి గోదావరి వరదను ఏమని ఒప్పిస్తాం?

ఇంతకీ చలి లేదు, చలికాలపు వాన లేదు. మూడింటిలో మిగిలింది ఒక్కటే, పొడవాటి రాత్రి. అది మాత్రం డెల్టాకు ఏటా తప్పకుండా వస్తుంది. తుపాను వచ్చినా రాకపోయినా, ఎల్‌నినో ఏడాదైనా, చలి ముదిరినా ముదరకపోయినా, సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానమై ఆ తర్వాత రాత్రి పెరుగుతూ పోతుంది. కాబట్టి మన దగ్గర చలికాలంలో నమ్మకంగా పూసే మొక్క ఏదైనా థర్మామీటరు చూసి పూసేది అయ్యుండదు, గడియారం చూసి పూసేదే అయ్యుండాలి. చామంతి సరిగ్గా ఆ జాతిదే. యూరియాప్స్ అలా కాదు. ఎండ మరీ ముదరని తీరప్రాంతాల్లో, ఉదాహరణకు కాలిఫోర్నియా తీరంలో, అది దాదాపు ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది, చల్లని నెలల్లో ఇంకాస్త విరగబూస్తుంది. రాత్రి ఎంత పొడవని లెక్కపెట్టుకునే మొక్క అయితే వేసవి పొట్టి రాత్రుల్లో పూయదు కదా. దానికి కావాల్సింది హాయైన వాతావరణం, మనం ఇవ్వలేనిది కూడా అదే.

మొక్కలు రాత్రిని కొలుస్తాయన్న సంగతి మనుషులకు అర్థమై వందేళ్లు దాటింది. మొదట బయటపడింది పువ్వుల తోటలో కాదు, పొగాకులో. చుట్టల లంక పొగాకు పండించిన గోదావరి జిల్లావాళ్లకు, 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసిన రాజమండ్రివాళ్లకు ఇది కాస్త ముచ్చటైన విషయమే. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం తలనొప్పిగా తయారైంది. వేసవంతా మనిషిని మించి పెరుగుతుంది, పువ్వు మాత్రం పూయదు. అదే మొక్కను చలికాలంలో గాజు ఇంట్లో పెడితే చిన్న వయసులోనే పూసేస్తుంది. గాజు ఇంట్లో చలి లేదు కాబట్టి కారణం చలి కాదు. చివరికి నడి వేసవిలో మొక్కల్ని సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి తోసి, మర్నాడు పొద్దెక్కాక బయటికి లాగారు. పూశాయి. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అప్పుడు వాళ్లు పగటి పొడవే ముఖ్యం అనుకున్నారు. 1938లో హామ్నర్, బోనర్ అనే ఇంకో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో మొక్కతో ఆ లెక్క తిరగేశారు. ఆ మొక్క మనకు కొత్తదేమీ కాదు. ఏటి ఒడ్డున పంచెకు, లంగా అంచుకు ముళ్లకాయలు అంటించే మరులమాతంగి. దానికి ఒకే ఒక్క పొడవాటి రాత్రి చాలు, పూతకు సిద్ధమైపోతుంది. కానీ ఆ రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే పూయదు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే మాత్రం ఏ తేడా లేదు. అంటే మొక్క లెక్కపెడుతున్నది ఎడతెగని చీకటిని. శాస్త్రంలో ఇప్పటికీ వీటిని పొట్టి పగటి మొక్కలు అనే అంటారు, పాత పేరు అలాగే ఉండిపోయింది. పొడవు రాత్రి మొక్కలు అనడమే సబబు.

చామంతి ఈ కథలోకి 1930లలో వచ్చింది. సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ చామంతి మొక్క పైభాగంలో ఆకులు తీసేసి, కింది ఆకులకు ఒక రకం వెలుగు, పై మొనకు ఇంకో రకం వెలుగు ఇచ్చి చూశాడు. ఆకులకు పొడవు రాత్రులు అందితే చాలు, మొన వెలుగులో ఉన్నా మొగ్గ తొడిగింది. రాత్రిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ చివర. మధ్యలో ఏదో కబురు వెళ్తోందని ఊహించి ఆ కబురుకు ఫ్లోరిజన్ అని పేరు పెట్టాడు. అదేమిటో దొరకడానికి 70 ఏళ్లు పట్టింది. 2007లో అది ఒక ప్రొటీన్ అని తేల్చిన రెండు బృందాల్లో జపాన్‌వాళ్లు పనిచేసింది వరి మీద. వరిది కూడా పొడవు రాత్రి బాపతే. పాతకాలపు సార్వా (వానాకాలపు వరి) రకాలు ముందు నాటినా వెనక నాటినా దాదాపు ఒకే రోజుల్లో ఈనడం పెద్దవయసు రైతులకు గుర్తుండే ఉంటుంది. కడియం మడిలో చామంతి మొగ్గకూ, పక్క చేలో వరి వెన్నుకూ వెళ్లేది ఒకే రకం కబురు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. డెల్టా దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అతి పొడవైన పగలు 13 గంటల పైన కొద్ది నిమిషాలు, అతి పొట్టి పగలు 11 గంటల పైన కొద్ది నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలే. కేప్ టౌన్‌లో ఆ తేడా నాలుగున్నర గంటలు. అయినా చామంతికి ఈ రెండు గంటలు చాలు, ఎందుకంటే చాలా రకాలకు మొగ్గ కట్టే గీత 13, 14 గంటల పగటి దగ్గర ఉంటుంది. తెల్లవారకముందు, పొద్దుగూకాక ఉండే మసక వెలుగును కూడా ఆకు పగలుగానే లెక్కేసుకుంటుంది. అందువల్ల మన జూన్ పగలు ఆ గీతకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, ఆగస్టు దాటాక స్పష్టంగా కిందికి దిగుతుంది. మొగ్గకు ఆనవాలు పడ్డాక పువ్వు విచ్చుకోవడానికి రకాన్ని బట్టి 6 నుంచి 15 వారాలు పడుతుంది. తొందర రకాలు కార్తీక మాసానికి అందుకుంటాయి, నిదానం రకాలు ధనుర్మాసంలో ముగ్గుల మీదికి వస్తాయి. సంక్రాంతికి పువ్వు రావాలంటే మొక్కతో మాట్లాడాల్సింది సెప్టెంబరు, అక్టోబరుల్లో. డిసెంబరులో చేయగలిగింది నీళ్లు పోసి ఎదురుచూడటమే. సెప్టెంబరు రాత్రులు మరీ ఉక్కగా ఉంటే మొగ్గ మరికాస్త ఆలస్యమవుతుంది. రాత్రి వేడి చామంతికి పడదు. ఆ మేరకు థర్మామీటరు పాత్ర కూడా ఉంది, కాదనలేం.

ఈ చీకటి లెక్క ఎంత కచ్చితమో చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు, వీధిలైటు చాలు. మేడ మీద పిట్టగోడకు రెండు కుండీలు. ఒకే పిలక నుంచి విడదీసినవి, ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఒకటి వీధి వైపు, ఎల్‌ఈడీ దీపానికి ఆరేడు అడుగుల దూరంలో. ఇంకోటి పెరటి వైపు, నీళ్ల ట్యాంకు చాటున. డిసెంబరులో పెరటి వైపుది పసుపు ముద్ద. వీధి వైపుది ముదురాకుపచ్చగా, ఏపుగా, ఒక్క మొగ్గ లేకుండా. ఇంకా తమాషా ఏమిటంటే కొన్నిసార్లు ఒకే కుండీలో దీపానికి ఎదురుగా ఉన్న కొమ్మలు గొడ్డుపోయి, తమ ఆకుల నీడలోనే ఉన్న వెనక కొమ్మలు పూస్తాయి. కబురు ఏ కొమ్మకు ఆ కొమ్మగానే అందుతుందని ఇంతకన్నా తేలిగ్గా చూపించలేం. ఇంటివాళ్లు మాత్రం వీధి వైపు మొక్కకు దిష్టి తగిలిందనో, మగ మొక్క అనో అనుకుంటారు. మగ చామంతి అంటూ ఏదీ లేదు.

వెన్నెలతో ఈ గొడవ లేదు. కార్తీక పౌర్ణమి వెన్నెల కళ్లకు పట్టపగల్లా తోచినా కొలిస్తే ఒక లక్స్‌లో (వెలుగు కొలమానం) మూడో వంతు కూడా ఉండదు, ఆకు దాన్ని చీకటి కిందే జమకడుతుంది. ఆకులో ఈ లెక్క చూసే రంగు పదార్థం ఫైటోక్రోమ్. ఎర్ర వెలుగు దాన్ని ఒకవైపు తిప్పితే, కంటికి ఆనీ ఆనని ముదురెరుపు వెనక్కి తిప్పుతుంది. 1952లో ఇది తేల్చింది లెట్యూస్ గింజల మీద. లెట్యూస్, మరులమాతంగి, చామంతి మూడూ ఒకే కుటుంబం కావడం యాదృచ్ఛికమే గానీ, మొక్కల గడియారం గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా డైసీల చుట్టాలదే.

ఇంటిముందు శత్రువైన దీపమే తోటలో పనిముట్టు. చామంతి విరివిగా పండించే చోట్ల, కర్ణాటకలో గానీ మన రాష్ట్రంలో గానీ, రాత్రిపూట తోట మీద వరసగా బల్బులు వేలాడదీసి వెలిగిస్తారు. దూరం నుంచి చూసేవాళ్లకు తిరునాళ్లలా ఉంటుంది. పువ్వుకు వెలుగు కావాలి కాబట్టి దీపాలు పెట్టారనుకుంటారు, జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. అది పూయకుండా ఆపే దీపం. నడిరాత్రి మూడు నాలుగు గంటలు వెలిగిస్తే పొడవు రాత్రి రెండు పొట్టి రాత్రులుగా తెగిపోతుంది. మొక్క మొగ్గ మాట మరిచి కాడ పెంచుకుంటుంది. కాడ కావలసినంత ఎదిగాక, మార్కెట్లో ధర ఎప్పుడు ఉంటుందో వెనక్కి వారాలు లెక్కేసుకుని దీపాలు ఆపేస్తారు. ఒక మడి ముందు, ఒక మడి వెనక ఆపితే పూత కూడా వాయిదాల్లో వస్తుంది. శ్రావణ శుక్రవారాల్లో చామంతి ధర ఆకాశానికి ఎక్కడానికీ, సంక్రాంతి వెళ్లిన వారానికి దిగిపోవడానికీ గిరాకీ ఒక కారణమైతే, పగటి పొడవు ఇంకో కారణం. ఆగస్టు మొదట్లో పూయమని చామంతిని ఒప్పించడం కష్టం.

ఇంతదూరం వచ్చాం కాబట్టి డైసీ అంటే ఏమిటో కూడా ఒకసారి విప్పి చూడాలి. పూజ అయిపోయిన బంతి పువ్వును రెండు చేతులా పట్టుకుని చీల్చిన పిల్లలందరికీ ఇది తెలుసు. లోపల రేకలు ఒక్కొక్కటిగా విడిపోయి, ప్రతి రేక మొదట్లో నల్లటి సూదిలాంటి గింజ ఉంటుంది. ఒక పువ్వుకు ఇన్ని గింజలేమిటి? ఎందుకంటే అది ఒక పువ్వు కాదు. రేక అనుకునేది ప్రతిదీ ఒక పువ్వు, దాని గింజ దానిదే. అన్నీ ఒకే పళ్లెం మీద కిక్కిరిసి కూర్చుంటాయి. ఫొటోలోని పసుపు డైసీలో అంచున రేకలు విప్పుకున్న పూలు ఒక వరస, నడిమి గుండ్రంలో రేకలు లేని చిట్టి గొట్టాల్లాంటి పూలు వందల్లో. పొద్దుతిరుగుడులో ఇదంతా భూతద్దం అక్కర్లేకుండా కనిపిస్తుంది. ముద్దబంతిలో, ముద్ద చామంతిలో మనిషి ఏళ్ల తరబడి ఏరి ఏరి నడిమి గొట్టాలను కూడా రేకలుగా మార్చేశాడు. అందుకే అవి నిండుగా ఉంటాయి, అందుకే తేనెటీగలు వాటి దగ్గర ఎక్కువసేపు నిలవవు. రేక బంతి మీద వాలినంతగా ముద్ద బంతి మీద వాలవు. తోటలో తేనెటీగలు కావాలనుకుంటే ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

పసుపు డైసీ కోసం అంత దూరం వెళ్లక్కర్లేదని చెప్పడానికి చామంతి, బంతి ఇద్దరే కాదు సాక్షులు. అలాగని వాళ్లూ ఇక్కడ పుట్టినవాళ్లు కారు. బంతి మెక్సికోది, తోట చామంతి చైనాది. గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు పక్కన కూర్చునే ఈ ఇద్దరూ బయటి నుంచి వచ్చి మన పండక్కి పేరంటాళ్లయ్యారు. నవంబరులో గోదావరి జిల్లాల నుంచి బస్సులు, కార్లు కట్టుకుని అరకు వెళ్లి జనం ఫొటోలు దిగే వలిసె పూలు అచ్చంగా పసుపు డైసీలే, వాటి పుట్టిల్లు ఇథియోపియా కొండలు. వలిసె కూడా పొడవు రాత్రి మొక్కే. గట్ల మీద, ఇటుక బీటల్లో ఏడాది పొడవునా పూసే గడ్డి చామంతి అమెరికా ఖండం నుంచి వచ్చింది. దెబ్బ తగిలితే ఆకు నలిపి పెట్టుకునేంత మనదైపోయింది.

వీటిలో ఒకదాని గురించి మాత్రం హెచ్చరిక అవసరం. పసుపు డైసీ అడిగినవాళ్లకు కొన్నిచోట్ల వెడేలియా చేతిలో పెడతారు. చవక, నేలంతా పరుచుకుంటుంది, నీడైనా ఎండైనా, నీళ్లు నిలిచినా పూస్తుంది, చావమన్నా చావదు. యూరియాప్స్‌కు లేని సుగుణాలన్నీ దీనికున్నాయి, అదే చిక్కు. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన ఈ తీగ ప్రపంచంలోని వంద చెడ్డ దురాక్రమణ జాతుల జాబితాలో ఉంది. కణుపు తగిలిన చోటల్లా వేరు పోసుకుంటుంది. ప్రహరీ లోపల పెట్టి, కత్తిరించిన తుక్కు కాలువలో పడేస్తే అది కాలువ గట్టు పట్టుకుని పక్క ఊరికి నడిచిపోతుంది. గుర్రపుడెక్కతో పడుతున్న అవస్థ ఉన్న డెల్టాలో ఇంకోటి తెచ్చిపెట్టుకోవడం తెలివైన పని కాదు.

చామంతి విషయంలో మాత్రం ఒక అపార్థం ఏటా జరుగుతుంది. పండక్కి కొన్న కుండీ ఫిబ్రవరికి ఎండిపోతే చేతివాసి మంచిది కాదనుకుని మొక్కను తీసి పారేస్తారు. పువ్వు అయిపోయిన కాడ ఎండడం దాని ధర్మం, మొక్క చావలేదు. మట్టి మీద జానెడు ఎత్తుంచి కోసేస్తే మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. ఎండాకాలం చెట్టునీడలో, మట్టి తడి ఆరకుండా, అలాగని నీళ్లు నిలవ ఉండకుండా వాటిని దాటించడమే అసలు పని. కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) వచ్చిన మొక్క అయితే మార్చిలోనే ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన కుండీలోకి మార్చాలి. ఉత్త కోకోపీట్ పైన ఆరినట్టు కనిపిస్తూనే అడుగున తడిబట్టలా ఉండిపోతుంది. తొలకరి తర్వాత పిలకలు విడదీసి నాటి, నాలుగైదు ఆకులు వేసినప్పుడల్లా తల తుంచుతూ ఆగస్టు చివరి దాకా గుబురుగా పెంచాలి. ఆ తర్వాత తుంచితే మొగ్గల్ని తుంచినట్టే. సెప్టెంబరు నుంచి కుండీ రాత్రిపూట ఏ దీపానికీ ఎదురు పడకూడదు. వరండా బల్బు, సీసీ కెమెరా పక్కన వెలిగే లైటు, పక్కింటి గేటు దీపం అన్నీ లెక్కలోకి వస్తాయి. చాటు చేయడానికి కుదరకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తీయడం కూడా పనిచేస్తుంది. రోజూ తప్పకుండా చేస్తేనే, మధ్యలో నాలుగు రాత్రులు మరిచిపోతే మొగ్గ వెనక్కి తగ్గుతుంది. పేనుబంక ఎలాగూ వస్తుంది, మొగ్గల మెడ దగ్గర గుంపు కడుతుంది. నీళ్ల పైపుతో గట్టిగా కొడితే చాలామటుకు పోతుంది.

ఇంత చెప్పినా ఆ ఫొటోలోని పొదే కావాలనేవాళ్లు ఉంటారు. పెంచకూడదనేం లేదు, పొదగా ఏళ్లపాటు నిలబెడదామనే ఆశ వదులుకుంటే చాలు. వానలు వెనకపట్టాక నవంబరులో తెచ్చుకుని, బంతిలాగే ఒక్క కాలం మొక్కగా చూసుకోవచ్చు. మట్టి కుండీ, అడుగున పెంకులు, సగానికి పైగా ఇసుక, కంకర కలిసిన మట్టి, ఎండ పూర్తిగా తగిలే చోటు. పైమట్టి రెండు వేళ్ల లోతు ఆరాకే నీళ్లు. మన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో తేమ కాస్త తగ్గి, రాత్రులు ఇరవై డిగ్రీల కిందికి దిగుతాయి కాబట్టి పూస్తుంది, అయితే ఫొటోలో ఉన్నంత కాదు. మార్చిలో పడమటి ఎండ తగలని చోటికి జరపాలి. అప్పుడే వేలెడంత కొమ్మలు నాలుగు కోసి ఇసుకలో గుచ్చి ఉంచుకుంటే వేరు పోసుకుంటాయి. జూన్‌లో తొలి వాన పడగానే వాటిని చూరు కిందికి, వాన జల్లు తగలని చోటికి చేర్చాలి. తల్లి మొక్క ఆగస్టు దాటకపోయినా వీటిలో ఒకటైనా దాటితే దీపావళి నాటికి మళ్లీ కుండీ ఎక్కించొచ్చు. కుండీని ఈసారి వీధిలైటు కింద పెట్టుకున్నా ఫరవాలేదు, ఆ చోటు చామంతికి ఎలాగూ పనికిరాదు.